అయ్యగారు రాని సమాధి

బట్టలు ఇస్త్రీ చేసే ఆమె ఇంటికి ముసలి పాస్టరుగారు పదకొండేళ్ల తర్వాత వచ్చారు.

“కూర్చోండి అయ్యగారూ. ఆ చొక్కాల మీద మాత్రం కూర్చోకండి, నలిగితే మళ్లీ నేనే చెయ్యాలి.”

“నిలబడే చెప్తానమ్మా. మీ అబ్బాయి పోయినప్పుడు, బాప్తిస్మం కాలేదని సమాధి దగ్గరికి రానన్నాను. తప్పు చేశాను.”

“ఇప్పుడు గుర్తొచ్చిందా?”

“యేసు పక్కన సిలువ వేసిన దొంగ గురించి మొన్న ప్రసంగం చేశాను. వాడికీ బాప్తిస్మం లేదు, అయినా ప్రభువు తనతో పరదైసుకు రమ్మన్నాడు. నలభై ఏళ్లుగా చెప్తున్న సంగతే. మీవాడి దగ్గరికి వచ్చేసరికి తోచలేదు.”

“మావాడు దొంగ కూడా కాదు కదండీ.”

“కాదమ్మా. ఇప్పుడైనా వచ్చి ప్రార్థన చెయ్యనా?”

“ఆ రోజు నేనే చేశాను. నాకు చదువు లేదు. వచ్చిన ప్రార్థన ఒక్కటే, అన్నం ముందు చేసుకునేది. ‘ఇచ్చినందుకు స్తోత్రం’ అని. మట్టి వేసేముందు అదే చెప్పాను. అది చెల్లిందంటారా?”



“చెల్లిందమ్మా. నేనొచ్చినా అంతకంటే మంచి మాట చెప్పేవాణ్ణి కాను.”

“ఈ ముక్క వాళ్ల నాన్న బతికుండగా చెప్పాల్సింది అయ్యగారూ. ఆయన ఆ బెంగతోనే పోయారు.”