చౌడమ్మ చేతి తోరం

తులిశమ్మ అని సాలిపేటలో ఒక కోడలు ఉండేదంట. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే, తొమ్మిదేళ్ళ పిల్లని చౌడమ్మ అనే ఆవిడ తెచ్చుకుని పెంచి, నేతపని నేర్పి, ఈడొచ్చాక తన కొడుకు వీరాసామికే ఇచ్చి చేసింది. అంటే ఈ పిల్లకి తల్లీ ఆవిడే, అత్తా ఆవిడే అనుకో. ఆ చౌడమ్మ నోరుంది చూసారూ, అది మామూలు నోరు కాదమ్మా. పొద్దున వాకిలి ఊడ్చేకాడ మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆగేది కాదంట. "ఓసే తులిశీ, ఆ నూలు కండె చుట్టటమేందే, ఎద్దు మూపురం మాదిరి" అంటది. "ఓసే తులిశీ, పప్పులో ఉప్పేసావా, ఉప్పులో పప్పేసావా" అంటది. ఒకసారి ఈ పిల్లకి అమ్మోరు పోస్తే ఇరవై ఒక్క రోజులు మంచం పక్కనుంచి లేవలేదంట ఆవిడ. వేపమండ పెట్టి విసురుతానే ఉంది, తిడతానే ఉంది. "ఓసే తులిశీ, నువ్వు పోతే ఈ కండెలన్నీ ఎవతి చుట్టుద్దే" అని. కళ్ళమ్మట నీళ్ళు కారతానే ఉన్నయ్యి, తిట్టు మాత్రం ఆగలా. అదీ ఆవిడ వరస.

నోరెట్టాంటిదో పనీ అట్టాంటిదే. పడుగు అంటే నిలువు పోగులు, మీకు తెలుసుగా, వాటిని వీధిలో బారుగా చాపి గంజి పెట్టి కుంచెతో దువ్వుతారు గదా పొద్దున్నే, అప్పుడు వేల పోగుల్లో ఒక్కటి తెగినా కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూపించేదంట చౌడమ్మ. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తెగిన పోగు కంటబడితే చేతిలో అన్నంముద్ద ఉన్నా సరే వదిలేసి ముందు దాన్ని అతకాల. అందుకని చేనేత ఆడవాళ్ళు ముక్కపోగులు నాలుగు ఎడంచేతి మణికట్టుకి చుట్టుకునే ఉంటారు. యాడ పోగు తెగినా చెయ్యి మణికట్టు మీదికి పోవాల, ఒక ముక్క లాగాల, మెలిపెట్టి అతకాల. ముడి వెయ్యకూడదు. ముడి వేస్తే అచ్చులో, అంటే మగ్గానికుండే పోగులు దూరే దువ్వెనలో, తట్టుకుని పక్కపోగుల్ని కూడా తెంపుద్ది. తులిశమ్మకి తొమ్మిదో ఏట మొదట నేర్పింది ఇదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్పమంటే చెప్పను.

సరే, ఏమైందంటే, ఆ ఊరికి పడమటగా ఒక కొండ ఉంది. కొండ మీద ఒక దొరసాని ఉండేదంట. యాడనుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. మంచిగా మాట్లాడుద్ది, గట్టిగా ఒక్కమాట అనదు. ఒకరోజు పల్లకీ ఎక్కి సాలిపేటకి వచ్చి, వీధిలో చాపిన పడుగులన్నీ చూసుకుంటా వచ్చి చౌడమ్మ పడుగు కాడ ఆగింది. "ఇంత పనితనం నేను ఏడు ఊళ్ళల్లో చూళ్ళేదమ్మా" అనిందంట. మన చౌడమ్మ తిట్టటమే గాని పొగడ్త ఎరగదు గదా, పొంగిపోయింది పాపం. "మెచ్చుకోలుకి ఒక తోరం కడతాను, ఆ పిచ్చిపోగులు తీసేసి చెయ్యి చాపమ్మా" అంటే, మణికట్టుకి ఉన్న ముక్కపోగులన్నీ ఊడదీసి చెయ్యి చాపింది. దొరసాని పసుపు పోగు ఒకటి నాలుగు చుట్లు చుట్టి ముడేసి, పల్లకీ ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు చౌడమ్మ లేచింది, తిట్టలా. తులిశమ్మ చేతిలో నీళ్ళబిందె జారి పగిలింది, తిట్టలా. "పోనీలేమ్మా" అనిందంట! ఏమడిగినా "అట్టాగేనమ్మా", ఏం చెప్పినా "అట్టాగేనమ్మా". పేటలో వాళ్ళంతా ఒకటే సంబరం. ఇన్నాళ్ళకి దేవుడు చల్లగా చూశాడు అన్నారు. కొడుకు కూడా, "నువ్వు పెట్టిపుట్టావే తులిశీ, అమ్మ ఎట్టా మెత్తబడిందో చూడు" అన్నాడు. ఉన్నమాట చెప్పాల గదా, తులిశమ్మ కూడా మూడు రోజులు హాయిగానే ఉందంట. మధ్యాహ్నం కాసేపు నిద్ర కూడా పోయింది. నాలుగోరోజు అన్నం పెడతావుంటే చౌడమ్మ తలెత్తి కోడలి మొహంలోకి చూసి, మెల్లగా, మంచిగా, "నీ పేరేందమ్మా?" అని అడిగింది. ఇంక తులిశమ్మ అన్నం గిన్నె అక్కడే పెట్టేసింది. నన్ను పెంచిన మనిషి నా పేరు అడిగిందే అని గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ మర్నాడు తెల్లారి చూస్తే చౌడమ్మ ఇంట్లో లేదు. ఎవరితో చెప్పకుండా కొండదారి పట్టి పోయిందంట.

తులిశమ్మ కొంగు బిగించి వెనకమ్మటే పోయింది. కొండ మీద పెద్ద ఇల్లు, పొడుగాటి వసారా, వసారా నిండా మగ్గాలు. మగ్గానికొక మనిషి, అంతా ఆ నెల్లోనే ఊళ్ళల్లోంచి మాయమైనోళ్ళంట. అందరి చేతులకీ పసుపు తోరాలు. ఒక్క మాట లేదు, పాట లేదు, టకటకా మగ్గాల చప్పుడు తప్ప. ఎక్కడైనా చేనేతోళ్ళు నోరు మూసుకుని నేస్తారా? అన్నిటికల్లా చివర మగ్గం కాడ కూర్చోనుంది చౌడమ్మ. తులిశమ్మ పోయి దొరసాని కాళ్ళ మీద పడింది. మా అత్తని ఇచ్చెయ్యి తల్లీ, నీకు ఏడాదికి ఎన్ని చీరలు కావాల్నో నేస్తాను అంటే, దొరసాని నవ్వి, "తీసుకుపోమ్మా, నేనేమన్నా కట్టేశానా? కాకపోతే ఒకటి. ఆ తోరం నువ్వు తెంపితే తెగదు, నేను విప్పినా రాదు. కట్టించుకున్న మనిషే తన చేత్తో విప్పుకోవాల. ఎల్లుండి అమావాస్య. అది దాటితే తోరం చర్మంలో కలిసిపోయిద్ది, ఇంక ఈ జన్మకి నువ్వెవరో ఆవిడకి తెలీదు. విప్పుకోమని అడుగు, నేను వద్దనను" అనిందంట. ఎంత ధీమానో చూడండి.

తులిశమ్మ అత్త ముందు కూర్చుంది. "అత్తా, ఆ తోరం విప్పెయ్యి" అంది. "అట్టాగేనమ్మా" అంది చౌడమ్మ. చెయ్యి కదల్లా. నేను తులిశిని అత్తా అంది, నాకు అమ్మోరు పోస్తే నువ్వు విసిరావు గుర్తులేదా అంది, నీ కొడుకు అన్నం తినటంలేదు అంది. "అట్టాగేనమ్మా". ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. అసలు ఏడుపుకి కరిగే మనిషా అది? మాయలో లేనప్పుడే కరగలేదు, మాయలో పడ్డాక కరుగుద్దా? ఇంక లేద్దామనుకుంటా కళ్ళు తుడుచుకుని చూస్తే, చౌడమ్మ మగ్గం ఆపి ఒడిలో చెయ్యి పెట్టుకుని ఉంది. ఆ చేతి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే ఒకదాన్నొకటి రుద్దుకుంటా ఉన్నయ్యి. మెలిపెట్టేటప్పుడు రుద్దుతామే, అట్టా. మనిషి లేదు గాని వేళ్ళు మాత్రం ఇంకా చౌడమ్మ వేళ్ళే. అది చూసేసరికి తులిశమ్మకి కొండంత ధైర్యం వచ్చింది.

దొరసాని కాడికి పోయి ఏమందంటే, "అమ్మా, ఇంటికాడ ఒక పడుగు సిద్ధంగా ఉంది. మా అత్త చెయ్యి పడందే అది లొంగదు. రేపు పొద్దున నీ వాకిట్లోనే చాపుకుని గంజి పెట్టుకుంటాం. ఆ పడుగు నేసి, ఆఖరి పోగుతో సహా మా మగ్గం మీదనుంచి దిగిపోయిన రోజున నేనే వచ్చి చెయ్యి చాపుతాను, నాకూ కట్టు తోరం" అనిందంట. దొరసానికి ఆశ పుట్టింది. ఇంత పనితనం ఉన్న అత్త నేర్పిన కోడలు గదా, ఊరికే వస్తుంటే చేదా? సరేనంది.

మర్నాడు తెల్లవారంగానే తులిశమ్మా వీరాసామీ పడుగు మోసుకొచ్చి వాకిట్లో చాపారు. రాబోయేముందు తులిశమ్మ ఏం చేసిందంటే, తన మణికట్టుకి ఉన్న ముక్కపోగులన్నీ తీసేసింది. మొగుడి మొలతాడుకి చిక్కుకున్నవీ తీయించింది. గంపలో, బుట్టలో, కొంగుచివర, యాడా ఒక్క పోగుముక్క లేకుండా దులిపింది. "ఏం జరిగినా నువ్వు నోరు తెరవొద్దు" అని మొగుడితో చెప్పింది. ఆయన మామూలుగానే తెరవడనుకోండి, ఆ తల్లి కడుపున పుట్టాక ఇంక అవకాశం యాడ? గంజి పెట్టారు. ఒకపక్క చౌడమ్మ, ఒకపక్క తులిశమ్మ, ఇద్దరూ కుంచె పట్టి దువ్వుతా నడిచారు. దొరసాని అరుగు మీద కూర్చుని చూస్తా ఉంది. ఎండ కొంచెం కొంచెం పైకొస్తుంది. గంజి ఆరిందంటే తెగిన పోగు పక్కవాటికి అంటుకుపోయిద్ది, ఇంక తియ్యలేం. నడిమధ్యకి వచ్చాక తులిశమ్మ బొటనగోరు పెట్టి ఒక పోగుని పుటుక్కున తెంపింది. కావాలని! నేతగాళ్ళ ఇంట పెరిగి చేతులారా పోగు తెంపటమంటే మాటలా? వీరాసామి కళ్ళు మూసుకున్నాడు.

చౌడమ్మ కుంచె ఆగింది. వంగి చూసింది. చెయ్యి కొంచెం లేచింది, మళ్ళీ ఆగిపోయింది. ఎండ పడుగు మీదికి వచ్చేసింది. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? తెగిన రెండు కొనలూ దగ్గరికి లాగి, మెలిపెట్టకుండా, గేదెని కట్టేసిన పలుపు మాదిరి ఇంత లావున ముడేసింది. చౌడమ్మ ఇంట్లో, చౌడమ్మ కళ్ళముందు, పడుగులో ముడి! ఇంక చూడండీ, ఆవిడ కనుబొమలు దగ్గరికొచ్చినయ్యి. కోడలి చెయ్యి ఒక్క తోపు తోసి, ఆ ముడిని గోటితో గిల్లి పారేసింది. పారేసేసరికి జానెడు పోగు తక్కువైంది. ముక్క కావాల. నలభై ఏళ్ళ అలవాటు గదమ్మా, కుడిచెయ్యి దానంతటదే ఎడం మణికట్టు మీదికి పోయింది. అక్కడ ఉన్నది ఒక్కటే పోగు, పసుపు తోరం. ముడి విప్పింది, చుట్లు లాగింది, జానెడు తుంచింది. దొరసాని అరుగు మీదనుంచి దిగ్గున లేచింది గాని ఏం లాభం, కట్టించుకున్న మనిషే తన చేత్తో విప్పుకుంది. చౌడమ్మ గంజి అంటిన వేళ్ళతో ఈ కొనా ఆ కొనా మెలిపెట్టి అతికి, వేలుతో ఒకసారి తడిమి చూసుకుని, తలెత్తింది.

"ఓసే తులిశీ!" అని ఒక్క కేక. కొండంతా మార్మోగింది. "ఎవతే పడుగులో ముడేసింది? కళ్ళు పోయినయ్యా, చేతులు పోయినయ్యా? నీకు పని నేర్పింది నేనని నలుగురికీ తెలిస్తే నా మొహం యాడ పెట్టుకోవాలే? ఏందే నవ్వుతున్నావు? ఏడుస్తున్నావా? ఏదో ఒకటి చెయ్యవే సరిగ్గా!" తులిశమ్మ పోయి అత్త కొంగు పట్టుకుందంట. అత్త నోట తన పేరు విని ఆరు రోజులైంది మరి.

దొరసాని కిందికి వచ్చి, "సరే, ఆవిడ పోతే పోయింది. నువ్విచ్చిన మాట ఉందిగా తల్లీ" అంది. ఏం మాటే అని చౌడమ్మ అడిగితే తులిశమ్మ చెప్పింది. విని చౌడమ్మ నవ్విన నవ్వుంది చూసారూ! "ఓ దొరసానీ, ఇన్ని మగ్గాలు పెట్టుకున్నావు, ఒక్కరోజన్నా కూర్చుని చూశావా? పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొన అచ్చులోనే ఉంచి, దానికే కొత్త పడుగు పోగుకి పోగు అతుకుతాం. మా అత్తగారి అత్తగారి నాటినుంచి మా అచ్చు ఒట్టిగా ఉన్నదే లేదు. ఆఖరి పోగు దిగేదెన్నడు, నువ్వు కట్టేదెన్నడు?" అనిందంట. చౌడమ్మ అంతటితో ఊరుకుందా? వసారాలోకి పోయి, మగ్గానికొకటి చొప్పున అందరి పడుగుల్లోనూ పోగులు పుటుకూ పుటుకూ తెంపుకుంటా పోయింది. తెగిన పోగు చూసి ఊరుకునే చేనేతమనిషి ఉంటాడా? అన్ని చేతులూ మణికట్ల మీదికి పోయినయ్యి. ఒక్కొక్కళ్ళే తోరాలు విప్పి, అతికి, తలెత్తి, ఇదేం ఇల్లు, మా ఊరు ఎటు అని అడిగారంట. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఆ ఇంట్లో దొరసానీ, ఒట్టి మగ్గాలూ మిగిలినయ్యి.

కొండ దిగేదాకా చౌడమ్మ తిడతానే ఉంది. తులిశమ్మ ప్రతిదానికీ "ఊఁ" కొడతానే ఉంది. వాగు కాడికొచ్చాక చౌడమ్మ ఆగి, గొంతు తగ్గించి, "నాలుగు రోజులు హాయిగా ఉండేదానివిగదే, ఎందుకొచ్చావు ఇంత దూరం?" అనడిగిందంట. తులిశమ్మ, "ఇంట్లో నన్ను పేరుపెట్టి తిట్టేవాళ్ళు లేరత్తా" అంది. చౌడమ్మ మొహం అటు తిప్పుకుంది. తిప్పుకుని, "నడువు నడువు, గంజి గిన్నె కడక్కుండా వదిలేసొచ్చుంటావు" అంది. నిజంగానే వదిలేసింది.

అదమ్మా సంగతి. ఆ జానెడు పసుపు పోగు మాత్రం పడుగులోనే ఉండిపోయింది. ఏదో ఒక చీరలో పడింది, ఆ చీర సంతలో అమ్ముడుపోయింది, ఎవరు కొన్నారో ఏమో. ఎక్కడన్నా ఏమన్నా సరే "అట్టాగేనమ్మా" అనే కోడలు కనపడితే మెచ్చుకుంటా కూర్చోమాకండి. కొంగు తిరగేసి, పసుపు పోగు ఉందేమో చూసి, దాని చేతే పీకించండి. ఏమే, నా కొంగెందుకు చూస్తావు? నాది మిల్లు చీర!