గేటు లోపలి పెట్టె

"ఫిర్యాదుల పెట్టె గేటు లోపల పెట్టారు. గేటు పాసు మీద సంతకం ఆ సార్జంటు చేతిలో పెట్టారు. తప్పు మీదే బాబూ."

విదేశీ శాంతిసేన శిబిరంలో చెల్లితో కలిసి బట్టలుతికే ఆమె, తడి చేతులతోనే విచారణాధికారి గదిలోకి వచ్చేసింది.

"మీ చెల్లిని రమ్మనండమ్మా, ఏం జరిగిందో రాసుకుంటాను."

"ఎలా వస్తుంది? పాసు కావాలంటే తన గదికి రమ్మన్నాడు. పోలేదని పాసు చింపేశాడు."

"మీ పాసు ఉందిగా?"

"ఈ సాయంత్రం దాకా. మళ్లీ వాడే సంతకం పెట్టాలి."

"పైకి రాస్తాను. అతన్ని వాళ్ల దేశానికి పంపేస్తారు."

"భలే శిక్ష. ఇంటికెళ్లి కాళ్లు చాపుకుంటాడు."

సాయంత్రం గేటు దాటితే మళ్లీ లోపలికి రాలేనని ఆమెకు తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పెట్టె పీకి గేటు బయట పెట్టండి. వాడి చేతిలో కలం లాక్కోండి. ఇప్పుడే లేవండి. అందాకా నేను కదలను."