అక్కగారి చేయి తగలకుండా లేచిన సర్వరు

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీన మా ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరి, స్వయంకృషితో సర్వర్ల నిర్వహణలో ప్రావీణ్యం సంపాదించి, నేడు కంప్యూటరు విభాగ పర్యవేక్షకురాలి హోదాలో పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగినిని వైద్యుల నుంచి వాచ్‌మన్ వరకు అందరూ ‘అక్కగారు’ అనే పిలుస్తారు. వయసులో పెద్దవారైన సూపరింటెండెంటుగారు కూడా అలాగే పిలిచినా, ఆమె అభ్యంతరం చెప్పడం ఏనాడో మానేశారు.

రక్తపరీక్షల ఫలితాలు కాగితం నుంచి కంప్యూటరుకు మారినప్పుడు ఆ బాధ్యత అక్కగారిపై పడింది. ఆ ఫలితాలు ఉండే పెద్ద కంప్యూటరు, అంటే సర్వరు, ఆన్ కాగానే ఏ ప్రోగ్రాం ముందు లేవాలో, ఏది తరువాత లేవాలో నిర్దేశించే ఆదేశాల జాబితాను, అంటే స్టార్టప్ స్క్రిప్టును, ఆమే రచించారు. ముందు వివరాలు దాచే డేటాబేస్, ఆపైన వాటిని తెరపై చూపే పరీక్షల ప్రోగ్రాం. ఈ వరుస తప్పితే బ్లడ్ బ్యాంకులో రోగి రక్తవర్గం తెరపై కనబడదు.

అంతటి బాధ్యత కనుకనే, సర్వరు ఆగి లేచిన ప్రతిసారీ ఆమె ఎక్కడున్నా పరుగున వచ్చి, లాగిన్ అయి, ఆ స్క్రిప్టును స్వహస్తాలతో నడిపేవారు. ఆడపడుచు పెళ్లి విందులోంచి కూడా లేచి వచ్చారు. “ఈవిడకి నాకంటే ముందు ఆ పెట్టెతో పెళ్లయిందండీ” అని వారి శ్రీవారు మా దగ్గర వాపోయేవారు.

విరమణ దగ్గరపడేసరికి అక్కగారికి బెంగ పట్టుకుంది. “నేను వెళ్లాక ఇది తనంతట తాను లేవాలి. లేకపోతే నాకు ఇంట్లో ముద్ద దిగదు” అన్నారు. గత నెల ఒక మధ్యాహ్నం, సర్వరు ఆన్ కాగానే స్క్రిప్టు దానంతట అదే నడిచేలా అమర్చి, అనుమతి తీసుకుని, ల్యాబువారిని కాసేపు కాగితాలతో నడుపుకోమని చెప్పి, సర్వరును ఆపి ఆన్ చేయించారు. తాను మాత్రం చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. డేటాబేస్ లేచింది. పరీక్షల ప్రోగ్రాం ఉలకలేదు, పలకలేదు.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నేను కీబోర్డు వైపు కదలగానే “ముట్టుకోవద్దు! ఎందుకు లేవలేదో ముందు చూద్దాం” అని కసిరారు. చూస్తే విషయం తేలింది. ఇన్నేళ్లూ ఆమె లాగిన్‌లోని సెట్టింగులే పరీక్షల ప్రోగ్రాములు ఏ ఫోల్డరులో ఉన్నాయో స్క్రిప్టుకు చెబుతున్నాయి. సర్వరు తనంతట తాను లేచేటప్పుడు ఎవరూ లాగిన్ అయి ఉండరు గనుక దానికి దారి తెలియలేదు.

“అయ్యో రామ! ఇన్నేళ్లూ ఇది నా కొంగు పట్టుకునే నడిచిందన్నమాట!” అని అక్కగారు నెత్తి కొట్టుకుని, పకపకా నవ్వి, ప్రతి ప్రోగ్రాముకూ పూర్తి చిరునామా రాసి, డేటాబేస్ జవాబిచ్చేదాకా ఆగమని స్క్రిప్టుకు చెప్పారు. సర్వరును మళ్లీ ఆపి ఆన్ చేశాం. ఈసారి కూడా ఎవరూ కీబోర్డు ముట్టలేదు. బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను మోగింది.

“అక్కగారూ, రిపోర్టులు వచ్చేస్తున్నాయండీ! ఏం చేశారు?”

“నేనేం చేయలేదమ్మా. హమ్మయ్య, నేనేం చేయలేదు!” అంటూ ఆమె కుర్చీలో కూలబడ్డారు.

మొన్న నిజంగానే కరెంటు పోయి సర్వరు ఆగింది, లేచింది. మర్నాడు ఆ సంగతి తెలిసి “ఒక్కరైనా నాకు చెప్పలేదేం?” అని ఆమె కాస్త చిన్నబుచ్చుకున్నారు. “చెప్పవలసిన అవసరం రాలేదండీ, అదే లేచింది” అన్నాం. ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి, మావి కూడా.

అక్కగారు ఆయురారోగ్యాలతో, శ్రీవారి సాహచర్యంలో, నిశ్చింతగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. అక్కగారూ, ఇక పని మిమ్మల్ని పిలవదు. మేము పిలుస్తాం, తప్పకుండా రండి.