స్విచ్చు వేయనన్న రోజు

అధ్యక్షస్థానంలో ఉన్న మా డైరెక్టర్ మాదుమార్ గారికి, ముందు వరుసలో తెల్ల టోపీలతో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని భోజనాలు ఎప్పుడెప్పుడా అని చూస్తున్న లైన్‌మెన్ తమ్ముళ్లకు నమస్కారం.

ఇంతవరకు మాట్లాడినవారంతా ఈ బుర్మకాన్ వల్లే మన జిల్లాలో విద్యుత్ నష్టాలు తగ్గాయని పొగిడారు. సంతోషం. కానీ నాకు తెలిసిందొకటే: తీగ వేడెక్కితే కొంత కరెంటు పోతుంది, తీగకు కొక్కెం తగిలిస్తే మిగతాది పోతుంది. మొదటిదాన్ని మనం సాంకేతిక నష్టం అంటాం. రెండోదాన్ని, కొక్కెం ఎవరిదో తెలిసేదాకా దొంగతనం అంటాం. తెలిశాక అదీ సాంకేతిక నష్టమే అయిపోతుంది. (నవ్వులు) డైరెక్టర్ గారూ, మీరూ నవ్వవచ్చు. ఈ రోజుతో రిటైరవుతున్నా, ఇక నన్నెక్కడికీ బదిలీ చేయలేరు.

కొత్తగా చేరినవారి కోసం ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మాదుమార్ గారి అబ్బాయి పెళ్లి. మన నరీన్ ఊరి చలి, హాలు నిండా చుట్టాలు, రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన గాయకులు. సరిగ్గా పాట ఎత్తుకునే వేళకు ఆ వీధి తీగ తెగిపడింది. నేను సబ్‌స్టేషన్‌లో లైను ఆపి, స్విచ్చుకు తాళం వేసి, మన లైన్‌మన్ జెనిష్‌ను స్తంభం ఎక్కించాను. కాసేపటికే ఫోను.

"బుర్మకాన్ అక్కా, కరెంటేదీ? మైకు మూగబోయింది, వియ్యంకుల ముందు నా పరువు పోతోంది!"

"జెనిష్ స్తంభం మీదున్నాడు, మాదుమార్."

"వాణ్ణి కాస్త పక్కకి జరగమను! ఒక్క పాటయ్యాక మళ్లీ ఆపేద్దువుగాని."

"పక్కకి జరగడానికి అదేమన్నా బెంచీ అనుకున్నావా?"

"డైరెక్టర్‌ని చెబుతున్నా, వెయ్యి!"

"అయితే నువ్వూ ఆ స్తంభమెక్కి వాడి పక్కన తీగ పట్టుకో. పట్టుకోగానే వేస్తా."

ఫోను పెట్టేశారు.

ఉండండి, కాసిని మంచినీళ్లు తాగుతాను. (విరామం)

ఆ మొండితనం నాకు ఊరికే రాలేదు. మా ఆయన ఎసెన్‌గుల్ కూడా లైన్‌మనే. ఎవరో పెద్దమనిషి ఫోను చేస్తే ఎవరో స్విచ్చు వేశారు. అప్పటికి మా ఆయన ఇంకా స్తంభం పైనే ఉన్నాడు. విచారణలో కార్మికుడి అజాగ్రత్త అని తేల్చారు. ఆ ఏడాది నష్టాల నివేదిక తెప్పించుకుని చదివాను. తీగ కాలిందని ఉంది, స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్లు పగిలాయని ఉంది. ఆ నష్టాల్లో ఆయన లేడు.

ఇక పెళ్లి సంగతి. జెనిష్ పని ముగించి దిగి, తీగ తెగడానికి కారణమైన కొక్కెం వైరును చుట్టచుట్టి తిన్నగా హాల్లోకి వెళ్లాడు. "బాబాయ్, మీ ఆవిరి స్నానాల గది వైరు. కిందపడితే తెచ్చా," అంటూ డైరెక్టర్ గారి ముందున్న మాంసం పళ్లెం పక్కన పెట్టాడు. (నవ్వులు, చప్పట్లు) కరెంటు వచ్చింది గాని పాట రాలేదు. మర్నాడే నన్ను భద్రతా పోస్టర్లు అంటించే పనికి, జెనిష్‌ను కొండ గ్రామాలకు మార్చారు. తీగ గాలికి తెగిందని రాసుకున్నారు. పాపం, గాలిని సంజాయిషీ అడగరు గదా!

ఈ రోజు అదే డైరెక్టర్ గారి చేతుల మీదుగా నాకు భద్రతా పతకం. తీసుకుంటాను. ఎసెన్‌గుల్ ఫోటోకు వేస్తాను.

జెనిష్, ఒకసారి లేచి నిలబడు తమ్ముడూ. సిగ్గెందుకు? (విరామం) చూడండి. వాడి చంకనున్న పాప ఆ పెళ్లినాటికి ఇంకా పుట్టలేదు.

నేను చెప్పదలచుకున్నది అంతే. ఓపికగా విన్నారు, మీ అందరికీ కృతజ్ఞతలు. పులావు చల్లారకముందే నాకు సెలవిప్పించండి.