అచ్చు బావ చూపు, అక్క డ్రైవింగు

భయమా? స్టీరింగ్ పట్టుకోవడానికా? బాగుందమ్మాయ్ వరస! నీకింకా ముప్పై నిండలేదు. మా అక్క అరవై మూడో ఏట నేర్చుకుంది. అదే, మీ నాన్నకి మేనత్త. నువ్వు పుట్టకముందే పోయిందిలే, నీకెలా తెలుస్తుంది. నేర్పిందెవరనుకున్నావ్? నేనే. అప్పట్లో నాకు వ్యాన్లు బాగుచేసే షెడ్డుండేది కదా. కూర్చో, ఆ కుర్చీ లాక్కో. అది కాదు, దాని కాలు ఊగుతుంది. ఆ, ఇది.

మా బావ అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. నలభై ఏళ్ళు అదే పని. అచ్చు బావ అనేవాళ్ళం. సీసం అక్షరాలు తిరగేసి ఉంటాయి చూడు, వాటిని గబగబా చదివేసేవాడు, మామూలు పుస్తకం ఇస్తేనే కాస్త తడుముకునేవాడు. పెళ్ళైన కొత్తలోనే ఇద్దరూ ఒక మాటనుకున్నారు, పని మానేశాక ఏదైనా మిషన్ ఆసుపత్రిలో సేవ చేస్తూ బతుకుదామని. ఆయన రోగులకి బైబిలు వాక్యం చదివి వినిపిస్తాడు, ఈవిడ దుప్పట్లు కుడుతుంది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. తీరా ఒకరోజు నిజంగానే ఉత్తరం వచ్చింది, మీ ఇద్దరూ రండని. ఎక్కడికీ? దేశం ఈ కొస నుంచి ఆ కొసకి. ఐదు రోజుల ప్రయాణం. రైల్లో పొండి బావా అంటే, "కుట్టుమిషనూ పుస్తకాల పెట్టెలూ నీ నెత్తినెట్టుకొస్తావా?" అని నా దగ్గరే ఒక పాత వ్యాను తీసుకున్నాడు, నడపడం ఆయనకి ముందే వచ్చులే.

ఇదిగో, ఇక్కడుంది తిరకాసు. బయల్దేరడానికి మూడు నెలల ముందు బావ షెడ్డుకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఒరేయ్, నాకు చూపు మసకేస్తోందిరా. మా నాన్నకీ ఇలాగే మొదలై మొత్తం పోయింది. మిషన్ ఫారంలో చూపు బాగుందని రాసేశాను. మీ అక్కకి చెప్పావో, చంపేస్తాను" అన్నాడు. డాక్టరు దగ్గరికి పద అంటే ససేమిరా. ఆ మాట డాక్టరు నోట వినడానికి భయం. సరిగ్గా వారం తిరిగిందో లేదో అక్క వచ్చింది, బజారుకెళ్తున్నానని ఇంట్లో చెప్పి. "మీ బావకి కళ్ళు ఆనట్లేదురా. నాకు తెలుసని ఆయనకి తెలీదు. నాకు బండి నేర్పు. ఆయనకి చెప్పావంటే నేను చచ్చినంత ఒట్టు!" చూశావా నా ఖర్మ! అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండే అంటే, "ఆయనంతట ఆయనే చెప్పాలిరా. నేను కదిపితే కుంగిపోయి ప్రయాణమే మానేస్తారు" అంది. సరే, నేర్పాను. మొదట్లో క్లచ్ నొక్కమంటే కుట్టుమిషను తొక్కినట్టు రెండు కాళ్ళూ ఆడించేది. పోను పోను నాకంటే నున్నగా నడిపింది. లైసెన్సు తెచ్చుకుని బట్టల అడుగున దాచింది.

బయల్దేరిన రోజు నడిపింది బావే. వ్యాను మలుపు తిరిగినా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. అంతా తెలిసీ పంపించినవాణ్ణి నేనే కదా. దార్లో ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది. పక్కన కూర్చుని ఒకటే వాగుడట. "ఏవండీ, ఎదురుగా ఎర్ర లారీ, ఎంత పెద్దదో! అబ్బ, ఎడం పక్కన గొయ్యి చూడండి, ఎంత లోతో!" బావేమో "ఈ వాగుడెప్పటి నుంచే నీకు?" అని విసుక్కుంటూనే ఆ మాటలు పట్టుకుని నడిపాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగోరోజు సాయంత్రం ఎండ సూటిగా మొహం మీద. అక్కకి చిన్న కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా రోడ్డు మధ్యలో ఒక పెద్దాయన వంగి సైకిలు గొలుసు ఎక్కించుకుంటున్నాడు. "ఆపండీ!" అని అరిచింది. ఆగింది. ఎంత దూరంలో అనుకున్నావ్? నీకూ నాకూ ఉన్నంత. ఆయన నాలుగు తిట్టి పోయాడు. బావ దిగి ఒక రాయి మీద కూలబడ్డాడు. "నాకు కనపడలేదే" అన్నాడు. "తెలుసు." "ఎప్పట్నుంచీ?" "పేపరు తలకిందులుగా పట్టుకుని చదివారే, అప్పట్నుంచీ. ముందు అచ్చాఫీసు అలవాటేమో అనుకున్నాను." అనేసి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. "అక్కడేం చేస్తావే?" "నడుపుతాను." "నాకు తెలీకుండా నేర్చుకున్నావా!" "ఆఁ. మీరు నాకు తెలీకుండా గుడ్డివాళ్ళవుతుంటే, నేను మీకు తెలీకుండా డ్రైవర్నయ్యాను. ఎక్కండి."

మర్నాడు పొద్దున షెడ్డుకి ఫోను. చేతిలో పానా అక్కడే పడేసి పరుగెత్తాను. ఎత్తగానే బావ గొంతు, "ఒరేయ్ ద్రోహీ!" అని. వెనకాల అక్క పడీపడీ నవ్వుతోంది. ఎదురుగా ఉన్న టైరు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాన్లే. మూణ్ణెల్లుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

కానీ మిషన్‌వాళ్ళ సంగతుందిగా? చేరగానే, పెట్టెలైనా దించకుండా, బావ అక్కడి పెద్ద నర్సమ్మ ముందు నిలబడి, "అమ్మా, ఫారంలో అబద్ధం రాశాను. దేవుడి పని అబద్ధంతో మొదలెట్టాను. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాం" అన్నాడట. ఆవిడ మెత్తని మనిషేం కాదు. "అబద్ధం అబద్ధమే. ఫారం మళ్ళీ రాయండి" అని కడిగేసి, టార్చిలైటేసి కళ్ళు చూసి, "ఇది శుక్లమయ్యా పెద్దమనిషీ! ఆపరేషన్ చేస్తే పోయేదానికి ఇంత నాటకమా?" అంది. అంతే. బావ వాళ్ళ నాన్నకీ అదే అయ్యుండేదేమో, ఎవరికి తెలుసు. ఆ రోజుల్లో ఎవరు చూపించారు కనుక... సరేలే. పన్నెండేళ్ళున్నారక్కడ. బావ చదివేవాడు, అక్క రోగుల వ్యాను నడిపింది, డెబ్భై దాటాక కూడా.

ఆపరేషనయ్యి కంటి కట్టు విప్పిన రోజు బావ మళ్ళీ ఫోను చేశాడు. "ఒరేయ్ బామ్మర్దీ, మీ అక్క మొహం నిండా ముడతలేరా! ఒక్కడూ చెప్పలేదేంటి నాకు?" అక్క లాక్కుంది ఫోను. "పొద్దుట్నుంచీ ఇలా నన్నే చూస్తూ కూర్చున్నారురా. పని చేసుకోనివ్వట్లేదు" అంది.

ఆఁ... అంతే.

టీ చల్లారిపోతోంది, తాగు.