పొగను వరసలో నిలబెట్టిన గొంతు

యూనివర్సిటీ గేటు పక్కనున్న టీకొట్టులో మూడు గంటల టీకి మైకు బాబాయ్ మాటలు తోడవకపోతే ఎవరికీ గొంతు దిగదు. ఆఫీసు గదిలో కూర్చుని మైకులో కబుర్లు చదవడం ఆయన ఉద్యోగం. పరీక్ష వాయిదా పడినా, నీళ్లు రాకపోయినా, ఎవరి గొడుగో పోయినా పదకొండేళ్లుగా ఆయన నోట వినాల్సిందే.

ఆ రోజు ఆయన కొత్త చెప్పులేసుకొచ్చాడు. నాలుగింటికి విచారణ కమిటీ ముందుకి వెళ్లాలి మరి. పోయిన గురువారం కెమిస్ట్రీ ల్యాబులో ఏదో సీసా పగిలి పొగ కమ్మినప్పుడు మైకులో హెచ్చరిక సరిగా రాలేదని ఎవరో ఫిర్యాదు పెట్టారు. తేడా వస్తే మైకు లాగేసుకుని, స్టోరు గదిలో విరిగిన కుర్చీలకి కాపలా పెడతారు. ల్యాబు ఉన్న భవనంలోనే అటెండరుగా చేస్తున్న ఆయన భార్యని కమిటీ వాళ్లు అప్పటికే లోపలికి పిలిచారు. బాబాయ్ గుండె దడదడలాడుతోంది. గుండె దడ ఎంత పెరిగితే ఆయన గొంతు అంత పెరుగుతుంది.

"నేను చేసిందాంట్లో గొప్పేమీ లేదు," అని మొదలుపెట్టాడు, గ్లాసు ఊదుకుంటూ. "కిటికీ దగ్గర నిలబడ్డా. ల్యాబు రెండో అంతస్తులోంచి పసుపుపచ్చ పొగ, దారప్పోగంత సన్నగా. ఎవడి కంటా పడలా. నా కంట పడింది."

"ల్యాబు వాళ్లు ఫోను చేసి చెప్పారన్నారే?" అన్నాడు లైబ్రరీ గుమస్తా.

"చేశారు, నేను చూశాక చేశారు. మధ్యలో పుల్లలు పెట్టకు. మైకు ఆన్ చేసి 'అందరూ వినండి' అన్నానయ్యా, అంతే! గదుల్లో ఫ్యాన్లు టక్కున ఆగిపోయాయి. బోర్డు మీద సుద్దముక్క అక్షరం మధ్యలో ఆగిపోయింది. నాలుగు వేలమంది పిల్లలు, ఒక్కడు తుమ్మితే ఒట్టు!"

టీకొట్టు అక్క పాలు పొంగకుండా మంట తగ్గించింది. "నెలనెలా మొదటి సోమవారం అగ్నిప్రమాదం డ్రిల్లుకి చదువుతావే, ఆ కాగితమేనా చదివింది?"

బాబాయ్‌కి పొలమారింది. నెత్తిన రెండు దెబ్బలు కొట్టుకుని, "కాగితానిదేముందిలే అక్కా, గొంతు ముఖ్యం," అని దాటేశాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది!"

"ఆ రోజు కరెంటు పోలేదే," అన్నాడు మూలన సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్న తోటమాలి తాత.

"నీ తోటలో పోలేదు తాతా, నా గదిలో పోయింది. మైకు చచ్చింది. ఇంకొకడైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడును. నేను ఊపిరి బిగబట్టి చచ్చిన మైకులోనే అరిచా. నా గొంతు వైర్లలో పడి స్పీకర్లు వాటంతటవే మోగాయి! పైగా ల్యాబులో బల్బులు వెలిగాయి!"

"అబ్బో! మరి మా లైబ్రరీలో వెలగలేదేం?"

"మీది పాత వైరింగు. ఇంకా విను. ఆ అరుపు గోడ దాటింది, రోడ్డు దాటింది, రైల్వే స్టేషను దాకా వెళ్లింది. 'తోసుకోకుండా బయటికి రండి' అన్నానా, కదలబోతున్న రైలు ఆగి, జనమంతా సామాన్లతో సహా దిగి ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడ్డారు! డ్రైవరు కూడా దిగాడయ్యా, పాపం. రిటైరైపోయి ఇంట్లో పడుకున్న ప్రొఫెసర్లు పక్క దులుపుకుని వీధిలోకొచ్చి నిలబడ్డారు!"

గుమస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరికే అన్నారా, మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదని!"

"నవ్వండి నవ్వండి. అసలు సంగతి ఇప్పుడొస్తోంది. ఆ పొగ ఉంది చూడు, పొగ! అది కూడా నా మాట వింది. 'ఒకరి వెనక ఒకరు' అనేసరికి కిటికీలోంచి పాయలు పాయలుగా విడిపోయి, వరస తప్పకుండా బయటికొచ్చి, మైదానం దాటి దాని దారిన అది పోయింది! ఫైరింజను వాళ్లు వచ్చి ఆర్పడానికేమీ లేక, నాకో నమస్కారం పెట్టి వెళ్లారు. ఇదే చెబుతా నాలుగింటికి, ఉన్నది ఉన్నట్టు!"

"పొగ ఎడమ పక్కన నిలబడిందాండీ, కుడి పక్కనా?"

అందరూ తిరిగి చూశారు. బాబాయ్ భార్య. కమిటీ గదిలోంచి తిన్నగా ఇటే వచ్చి, వెనక నిలబడి అంతా విన్నట్టుంది. బాబాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

ఆమె బెంచీ మీద కూర్చుంది. "నేను మూడో అంతస్తులో గాజుసామాను కడుగుతున్నా. కింద పొగ ఉందని మాకేం తెలుసు? మైకులో ఈయన గొంతు వినపడింది, అందరూ మైదానంలోకి రండి అని. పిల్లలు లేచారు, నేనూ లేచా. గుమ్మం దాకా వచ్చాం. అప్పుడు చివర్న ఏమన్నారో మీరే చెప్పండి."

బాబాయ్ కొత్త చెప్పుల వంక చూసుకున్నాడు. "ఇది అభ్యాసం మాత్రమే. ఎవరూ కంగారు పడనక్కర్లేదు," అన్నాడు, చీమకి చెప్పినట్టు.

"ఓరి నీ!" అంది టీకొట్టు అక్క. "డ్రిల్లు కాగితం చివరి ముక్క కూడా చదివేశావా?"

"పదకొండేళ్ల అలవాటక్కా! నోరు దానంతటది చదివేసింది."

"అందరం హమ్మయ్య అనుకుని వెనక్కెళ్లి కూర్చున్నాం," అంది ఆమె. "కాసేపటికి కిటికీలోంచి చూస్తే మైదానానికి అడ్డంగా పరిగెత్తుకొస్తూ ఈయన! ఒక కాలికి చెప్పు లేదు. 'ఒసేయ్, బయటికి రావే' అని ఒకటే కేకలు. పిల్లలు చూశారు. 'మైకు బాబాయ్ పరిగెడుతున్నాడంటే ఇది డ్రిల్లు కాదురోయ్' అని ఒకడన్నాడు. రెండు నిమిషాల్లో భవనం ఖాళీ. మైకు మాట కూర్చోబెట్టింది, ఈయన పరుగు లేపింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఇద్దరు ముగ్గురికి దగ్గొచ్చిందంతే."

"మైకులో మళ్లీ చెబుదామనే అనుకున్నా," అన్నాడు బాబాయ్. "బొత్తాం మీద వేలు కూడా పెట్టా. నువ్వు పైన ఉన్నావని గుర్తొచ్చింది. భయమేసిందే. ఇంక మైకెవడికి కావాలి?" చెప్పుల్లో కాళ్లు సర్దుకుంటూ, "ఇదంతా వాళ్లకి చెప్పేశావా?" అన్నాడు.

"పూస గుచ్చినట్టు చెప్పా."

"అయిపోయింది. కుర్చీలకి కాపలానే."

"కాగితం మార్చమన్నారు. డ్రిల్లుకి తెల్లది, నిజం ప్రమాదాలకి ఎర్రది, రెండు సొరుగుల్లో పెట్టమన్నారు. మనిషిని మార్చమనలేదు. మీరెళ్లి తప్పయిందని ఒక్క ముక్క అనండి చాలు. పొగ సంగతి మాత్రం ఎత్తకండి."

తోటమాలి తాత సంచీలోంచి మట్టి కొట్టుకున్న పాత చెప్పొకటి తీసి బాబాయ్ కాళ్ల దగ్గర పెట్టాడు. "గులాబీ మడిలో దొరికింది. వారం నుంచి ఎవరిదా అని మోస్తున్నా."

"చూశావా?" అంది ఆమె గుమస్తాతో. "ఆ రోజు మాట గడప దాటలేదు, కాలే కోట దాటింది."

బాబాయ్ ముఖం చాటంత అయింది. చెప్పు అందుకుని అందరికీ చూపిస్తూ లేచాడు. "మైదానం ఎంత పొడుగో తెలుసా మీకు? మూడంటే మూడు అంగలు! గాలి నా వెనకాల పడి..."

"మూడంగల మనిషి బయట మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని పావుగంట రొప్పారెందుకో? ఒక్క మాట పెగిలితే ఒట్టు. ఇన్నేళ్ల కాపురంలో మీ నోట మాట రాకపోవడం అదే మొదటిసారి."

బాబాయ్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఇది రెండోసారి," అంది టీకొట్టు అక్క.