కుందేలు రికార్డు తారీకులు

తారీకులు కావాల్నా కన్నూ? రాసుకో. కుందేలు రికార్డు కంపెనీ పుట్టింది పందొమ్మిదొందల ముప్పై ఆరు, చిత్తిరై నెల. పెట్టింది మా అన్న సౌందరం. నూలు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినోడికి ఈ పాటల పిచ్చి యాడనించి పట్టెనో, ఇప్పటికీ నాకు తెలీదు. ముద్ర కుందేలెందుకన్నా అంటే, "దానికి చెవులు పెద్దవి గదరా" అనె. అట్లాంటి మనిషి.

రెండోది రాసుకో, ముప్పై ఎనిమిది, ఐప్పసి. ఆమా, వానకాలమే. మన ఇంటి తెలుగులో ఒక పాట వెయ్యాలని పట్టు పట్టినాడు. నేనే అంటిని, "అన్నా, కోయంబత్తూరులో ఎవురు కొంటారు? ఆంధ్రావాళ్లు నవ్వుతారు, తమిళవాళ్లకి తెలీదు." "మనం వింటాము గదా" అనె. పాడింది రక్కమ్మాళ్. మొగుడు పోయినామె, మిల్లులో నూలు చుట్టే పని, పోదనూరు నించి నడిచి వచ్చేది. వాళ్లమ్మ పాడిన జోలపాట పాడె. ఎదురు సద్దు రాకూడదని మన గోడౌనులో గోడల చుట్టూ పత్తి మూటలు పేర్చినాము. ఈయమ్మ నోరు తెరిచిందో లేదో, రికార్డు గీసే ముల్లు ఎగిరె! మిల్లు సద్దు మీద పాడిన గొంతు గదా. "కొంజం తళ్లి నిల్లుంగమ్మా" అని మద్రాసు నించి వచ్చిన మిషనాయన ఎనక్కి, ఇంకా ఎనక్కి తోసి, కడాకు వాకిట్లో నిలబెట్టి పాడించినాడు.

రికార్డు వచ్చింది ముప్పై తొమ్మిది తై నెలలో. అన్న ఆమెని పిలిచి వినిపించె. వింటా వింటా ఆమె మొగం తెల్లబోయె. "అయ్యా, ఇది నేను కాదు. మా అమ్మ" అనె. తన గొంతు బయటినించి ఎన్నడూ వినలేదు గదా పాపం. ఇంట్లో పాటల పెట్టె లేదు, రికార్డు ఇస్తే ఏం చేసుకుంటుంది? శుక్రవారం శుక్రవారం మన కొట్టుకొచ్చి ఒకసారి విని పోయేది.

ఇంక నలభై మూడు, ఆడి నెల. యుద్ధం. రికార్డు చేసే లక్క దొరకలేదు. పాతవన్నీ పంపితే కరిగించి కొత్తవి ఇస్తాము, ఈ నెల దాటితే మీకు లేదు అని కలకత్తా ఫేక్టరీ జాబు. అన్న నేను లేనప్పుడు అన్నీ పెట్టెల్లో కొట్టించి పోదనూరు స్టేషనుకి తోలినాడు. ఆమెదీ అందులోనే పోయె, హడావిడిలో తోచలేదంట. నేను స్టేషను చేరేసరికి అన్న పెట్టెల దగ్గర బండి కోసం కాచుకుని ఉండె. రక్కమ్మాళ్ షిఫ్టు నించి నేరుగా అక్కడికే వచ్చె, తల నిండా దూది. అరవలేదు. "అయ్యా, మా అమ్మని కూడా పంపేస్తిరా?" అనె, అంతే.

అన్న మేకులు పీకడం మొదలుపెట్టె. ఒక పెట్టె, రెండో పెట్టె. నేను చెయ్యి పట్టుకుని, "అన్నా, బండి వచ్చేసె, కంపెనీ పోతుంది" అని అరిస్తిని. "పట్టు, ఇది తెరువు" అనె. గార్డు ఈల వేసె. బండి పోయె. అప్పటికి ఏడో పెట్టెలో దొరికె. ఆమె కొంగులో చుట్టుకుని, దండం కూడా పెట్టకుండా పోయె. యుద్ధంలో ఇంకో వేగను యాడ దొరుకుతుంది? కుందేలు కంపెనీ ఆ దినమే ముగిసె. అన్న మళ్లీ నూలే అమ్మినాడు.

ఊరు ఏమేమో అనె. నేనూ అనుకుంటిని, ఎందుకు అబద్ధం. మా వదిన తంగమ్మ మాత్రం వారం తిరక్కముందే మన ఇంటి గ్రామఫోను జట్కాలో పెట్టుకుని రక్కమ్మాళ్ ఇంటికి తానే పోయి ఇచ్చి వచ్చె. "రికార్డు పెట్టుకుని ఏం లాభం, పెట్టె లేకుంటే" అనె. అన్న అప్పుడు వదిన మొగాన్ని చూసిన చూపు... మొగుడు పెండ్లాన్ని అట్ల చూడంగా నేను మళ్లీ చూడలేదు.

పాటనా? ఎట్ల ఉంటుందా? ఉండు... మొదటి మాట... నోట్లోనే ఉండాది... ఉండు...

వాన వచ్చేట్టుండాది, మేడ మీద బట్టలు తీయి పో.